మందారపు ఆకు అంచున ఉప్పు

బంగాళాఖాతానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో మొక్కలకు ఉప్పు తగలడం ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. చౌడు అనగానే బాపట్ల, రేపల్లె, దివిసీమ వైపు భూములే తెలుగువారి తలపుకు వస్తాయి. కాని బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల్లో పెరటి ఇళ్ళ స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచిన తరువాత, నేలలో వేళ్ళూనుకొని ఉండవలసిన మందారం, నందివర్ధనం, నూరువరహాలు, గులాబి బాల్కనీ కుండీల్లోకి, ప్రహరీగోడ వెంట మిగిలిన సన్నని మట్టిపట్టీల్లోకి చేరాయి. వాటికి పోసే నీళ్ళు చాలాచోట్ల బోరు నుంచి, లేదా బోరు నీటిని మెత్తబరిచే వాటర్ సాఫ్ట్‌నర్ నుంచి, లేదా వంటింట్లోని ఆర్‌ఓ యంత్రం వదిలేసే సన్నగొట్టం నుంచి వస్తున్నాయి. ఈ మూడు దారుల్లోనూ ఉప్పు ఉంది. అది సముద్రపు నీటిలో ఉన్నంత గాఢంగా ఉండదు, చాలాసార్లు నాలుకకు కూడా తెలియదు. అయినా ఒక్క వేసవి గడిచేసరికి ఒక పొద ఆకుల లోపలి కట్టడాన్ని మార్చివేయడానికి, ఆ ఆకులు ఆహారం తయారుచేసుకొనే వేగాన్ని తగ్గించడానికి అది చాలు.

వృక్షశాస్త్రంలో ఉప్పు అంటే వంటింటి సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు. నీటిలో కరిగి ఉండే సోడియం, కాల్షియం, మెగ్నీషియం వంటి ధనావేశపు అయాన్లు, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ వంటి ఋణావేశపు అయాన్లు అన్నీ కలిసి లవణాల కిందికే వస్తాయి. ఇవి మోతాదు మించి వేళ్ళ చుట్టూ చేరినప్పుడు మొక్క పడే ఇబ్బందిని లవణ ఒత్తిడి అంటారు. నీటిలో కరిగిన ఈ పదార్థాల మొత్తాన్ని లీటరుకు మిల్లీగ్రాములలో చెప్పేదే అందరికీ పరిచయమైన టీడీఎస్. తాగేనీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 500, వేరే నీళ్ళు దొరకని చోట 2000. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో సవరించి ప్రచురించిన సాగునీటి మార్గదర్శకాల ప్రకారం 450 లోపు నీళ్ళు ఏ మొక్కకైనా నిస్సంకోచంగా పెట్టవచ్చు, 450 నుంచి 2000 వరకు జాగ్రత్త కావాలి, ఆపైన తీవ్రమైన ఇబ్బంది తప్పదు. మనిషికి, మొక్కకు హద్దులు ఇంత దగ్గరగా ఉండటం గమనించదగిన విషయమే గాని, మనిషి తాగిన ఉప్పును మూత్రపిండాలు బయటికి పంపుతాయి, మందారానికి ఆ సౌకర్యం లేదు.

హైదరాబాదు నిలిచి ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాతి మీద. ఈ రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు వాననీటికి నెమ్మదిగా శిథిలమవుతూ సోడియం, కాల్షియం, బైకార్బొనేట్లను విడుదల చేస్తాయి. రాతి పగుళ్ళలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు వాటిని తనలో కలుపుకొంటుంది. ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపు పడిపోయే ఈ నేలలో, మిగిలిన నెలలన్నిటా భూమి నుంచి నీరు ఆవిరవడమే తప్ప లోపలికి ఇంకడం తక్కువ. దానికి తోడు జనం కిక్కిరిసిన బస్తీల కింద, నాలాల పక్క మురుగు ఇంకే చోట్ల భూగర్భజలంలో క్లోరైడ్, నైట్రేట్లు పెరుగుతాయి. హుసేన్‌సాగర్ మిగులునీటి నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగానే మూసీకి వెళుతుందన్న సంగతి ఈ ప్రాంతవాసులకు చెప్పనక్కర్లేదు. 1920లో పూర్తయిన గండిపేట చెరువు నుంచి, తరువాత మంజీరా నుంచి, 2004 తరువాత కృష్ణా నుంచి నగరానికి వచ్చిన నల్లా నీళ్ళు నదుల, చెరువుల నీళ్ళు కాబట్టి వాటిలో లవణాలు బోరు నీటి కంటే సాధారణంగా తక్కువ. అందుకే ఇళ్ళలో ఈ మంచినీళ్ళు తాగడానికి, వంటకు పోతాయి, మొక్కల వంతుకు బోరు నీళ్ళు వస్తాయి.

కుండీలో జరిగేది కొంచెం లెక్కవేసి చూడవలసిన విషయం. మొక్క వేళ్ళతో నీటిని పీల్చి ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది, దీన్నే బాష్పోత్సేకం అంటారు; మట్టి పైపొర నుంచి కూడా నీరు ఆవిరైపోతుంది. ఆవిరయ్యేది శుద్ధమైన నీరు మాత్రమే, అందులోని లవణాలు, కాచిన నీళ్ళ గిన్నె అడుగున తెల్లటి పొర మిగిలినట్టు, మట్టిలోనే మిగిలిపోతాయి. టీడీఎస్ 700 ఉన్న బోరు నీళ్ళు రోజుకు ఒక లీటరు చొప్పున మార్చి మొదటి నుంచి మే చివరి దాకా 92 రోజులు పోసి, కింది రంధ్రం నుంచి చుక్క కూడా బయటికి పోనివ్వకపోతే, ఆ ఒక్క కుండీలో చేరే లవణాలు సుమారు 64 గ్రాములు. వీటిలో కొంత భాగం సున్నపుపొరగా మారి కరగకుండా ఉండిపోతుంది, దానివల్ల మొక్కకు అంత హాని లేదు. కరిగి ఉండే మిగతా భాగమే వేళ్ళ చుట్టూ నీటిని రోజురోజుకు చిక్కబరుస్తుంది. మట్టికుండీ బయటిగోడ మీద, ప్లాస్టిక్ కుండీ అంచుల వెంట కనిపించే తెల్లటి పూత దానికి గుర్తు. వానాకాలంలో నేల మీది మొక్కకు ఈ లవణాలు కొట్టుకుపోయి కిందికి దిగుతాయి గాని, బాల్కనీ కప్పు కింద ఉన్న కుండీకి ఆ వాన కూడా అందదు.

వేళ్ళ చుట్టూ నీరు చిక్కబడగానే మొక్కకు ఎదురయ్యే మొదటి కష్టం దాహం. పలుచని ద్రవం నుంచి చిక్కని ద్రవం వైపు పొర గుండా నీరు ప్రవహించడాన్ని ద్రవాభిసరణ అంటారు. వేరు కణాల లోపలి రసం మట్టినీటి కంటే చిక్కగా ఉన్నంతవరకే నీరు లోపలికి వస్తుంది. బయటి నీరు చిక్కబడిన కొద్దీ ఆ తేడా తగ్గిపోయి, కుండీ తడిగా ఉన్నా మొక్క ఎండకు వాడినట్టు ప్రవర్తిస్తుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రానా మన్స్, మార్క్ టెస్టర్ 2008లో ప్రచురించిన సుప్రసిద్ధ సమీక్షలో లవణ ఒత్తిడిని రెండు దశలుగా విడదీసి చూపారు: మొదటిది గంటల్లో, రోజుల్లో మొదలయ్యే ఈ ద్రవాభిసరణ దశ, రెండవది వారాలు గడిచిన తరువాత సోడియం, క్లోరైడ్ అయాన్లే ఆకు కణాల్లో పేరుకొని విషమయ్యే దశ. ఈ విభజనను గుర్తుపెట్టుకుంటే ఆకులో కనిపించే మార్పులు ఏవి ముందు, ఏవి వెనుక అన్నది సులభంగా బోధపడుతుంది.

మొదటి దశలో దెబ్బ తగిలేది ఆకుల అడుగున ఎక్కువగా ఉండే పత్రరంధ్రాలకు. ఒక్కొక్క రంధ్రానికి అటూ ఇటూ చిక్కుడుగింజ ఆకారంలో రెండు రక్షక కణాలు ఉంటాయి. వాటిలోకి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు చేరితే అవి ఉబ్బి రంధ్రం తెరుచుకుంటుంది, పొటాషియం బయటికి పోతే అవి సడలి రంధ్రం మూసుకుంటుంది. వేళ్ళు, ఆకులు దాహాన్ని పసిగట్టినప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది, రంధ్రాలు మూయమని రక్షక కణాలకు అందే ఆజ్ఞ అదే. ఈ ఆజ్ఞను కణం ఎలా అందుకుంటుందో వివరించిన పరిశోధకుల్లో తెలుగు శాస్త్రవేత్తల పాత్ర చిన్నది కాదు. 1970లలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్‌తో కలిసి పత్రరంధ్రాల మీద పనిచేసిన ఎ.ఎస్. రాఘవేంద్ర, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆ పరిశోధనను దశాబ్దాల పాటు కొనసాగించి, 2010లో జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి అబ్సిసిక్ ఆమ్లపు సంకేత మార్గం మీద రాసిన సమీక్ష ప్రపంచమంతటా వృక్షశాస్త్ర విద్యార్థులు చదివేది. బర్కత్‌పుర బాల్కనీలో మిట్టమధ్యాహ్నం మందారం ఆకు లోపల జరుగుతున్నదాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన జ్ఞానంలో ఒక భాగం ఇదే నగరంలో తయారైంది.

రంధ్రాలు మూసుకుంటే నీటి నష్టం ఆగుతుంది, కాని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చే దారి కూడా అదే. సూర్యకాంతితో నీటిని, కార్బన్ డయాక్సైడును కలిపి చక్కెరలు తయారుచేయడమే కిరణజన్య సంయోగక్రియ కాబట్టి, ముడిసరుకు అందక ఆ క్రియ మందగిస్తుంది. కార్బన్ డయాక్సైడును పట్టుకోవలసిన రుబిస్కో అనే ఎంజైము, ఆ వాయువు చాలినంత లేనప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకొని, అప్పటికే కూడబెట్టిన కార్బన్‌లో కొంత వృథా చేస్తుంది. ఆవిరి రూపంలో నీరు పోకపోవడం వల్ల ఆకు చల్లబడే మార్గం కూడా మూసుకుపోయి, 40 డిగ్రీల మే నెల ఎండలో ఆకు మరింత వేడెక్కుతుంది.

ఉప్పు నీటిలో నెలల తరబడి పెరిగిన పొద ఆకును అడ్డంగా పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఈ ఒత్తిడి కొత్త ఆకుల నిర్మాణంలోనే ఎలా చోటు చేసుకుంటుందో కనబడుతుంది. మామూలు మందారపు ఆకులో పైన మైనపు పూత వంటి అవభాసిని, దాని కింద ఒక వరుస బాహ్యచర్మ కణాలు, వాటి కింద నిలువుగా పేర్చినట్టున్న స్తంభ కణాలు, ఆ కింద మధ్య మధ్య గాలి సందులతో వదులుగా ఉన్న స్పంజి కణాలు, చివర మళ్ళీ బాహ్యచర్మం ఉంటాయి. స్తంభ కణాలు కాంతిని పట్టుకోవడానికి, స్పంజి కణాల మధ్య సందులు గాలి తిరగడానికి. లవణ ఒత్తిడిలో కణాలు విప్పారడానికి తగినంత నీటి ఒత్తిడి లేక ఆకు చిన్నదిగానే ఆగిపోతుంది. చాలా జాతుల్లో అవభాసిని మందమవుతుంది, ఆకు దళసరి అవుతుంది, స్తంభ కణాలు నిడివి పెంచుకుంటాయి, స్పంజి కణాల మధ్య గాలి సందులు ఇరుకవుతాయి. పత్రరంధ్రాల సంఖ్య చదరపు మిల్లీమీటరుకు లెక్కిస్తే కొన్నిసార్లు పెరిగినట్టే కనిపిస్తుంది, కాని అది కణాలన్నీ చిన్నవై దగ్గరగా చేరడం వల్ల వచ్చిన పెరుగుదల, విడివిడిగా ఒక్కొక్క రంధ్రం చిన్నదే.

దళసరి ఆకులో పచ్చని కణాలు ఎక్కువ, కనుక ఆహారం తయారీ కూడా ఎక్కువే ఉండాలి కదా అన్న ప్రశ్న సహజమైనదే. అమెరికాలో లాంగ్‌స్ట్రెత్, నోబెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ఈ ప్రశ్నకే జవాబు వెతికారు. వారు తీసుకున్న మొక్కల్లో ఒకటి పత్తి, అది మందారం కుటుంబానికే చెందిన మొక్క కాబట్టి ఆ ఫలితం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఉప్పు పెరిగిన కొద్దీ పత్తి, చిక్కుడు జాతి ఆకుల్లో కార్బన్ డయాక్సైడును పీల్చుకోగల లోపలి కణాల ఉపరితలం నిజంగానే పెరిగింది. అయినా పీల్చుకున్న వాయువు పెరగలేదు, ఎందుకంటే ఒక్కొక్క కణంలోకి ఆ వాయువు చేరి స్థిరపడటానికి ఎదురయ్యే నిరోధం అంతకు మించి పెరిగింది. ఉప్పును బాగా తట్టుకొనే అట్రిప్లెక్స్ అనే మొక్కలో మాత్రం ఈ మార్పులు స్వల్పం. దళసరి ఆకును చూసి మొక్క పుష్టిగా ఉందనుకోవడం, అందువల్ల, సరైన అంచనా కాదు.

రెండవ దశ కంటికి కనిపించే దశ. మట్టినీటితో పాటు సోడియం, క్లోరైడ్ అయాన్లు దారువు అనే నీటి నాళాల గుండా ఆకుల్లోకి ఎక్కి, నీరు ఆవిరైపోయే చోట ఆగిపోతాయి. ఆ ప్రవాహానికి చివరి మజిలీ ఆకు మొన, అంచులు కాబట్టి మాడటం అక్కడే మొదలవుతుంది. మందారపు కొమ్మను పైనుంచి కిందికి చూస్తే ఈ వరుస స్పష్టంగా తెలుస్తుంది: కొసన ఉన్న లేత ఆకులు చిన్నవైనా పచ్చగానే ఉంటాయి, మధ్య ఆకుల రంపపు అంచు పళ్ళ కొసలు మాత్రం గోధుమరంగుకు తిరిగి ఉంటాయి, అన్నిటికంటే కింది ముదురు ఆకుల్లో ఆ గోధుమరంగు ఒక పట్టీగా లోపలికి పాకి, దానికి పచ్చని భాగానికి మధ్య సన్నని పసుపు గీత ఉంటుంది, చేత్తో తాకితే ఆ అంచు పెళుసుగా విరిగి రాలుతుంది. ముదురు ఆకులు ఎక్కువ కాలం నీరు ఆవిరి చేసినవి గనుక వాటిలో చేరిన ఉప్పూ ఎక్కువే. పొదలు, చెట్లవంటి దారుమయ మొక్కల్లో చాలా వాటికి సోడియం కంటే క్లోరైడ్ ముందుగా హాని చేస్తుంది. కొన్ని రోజులకు ఆ ఆకులు రాలిపోతాయి. మొక్క తనలోని ఉప్పును వదిలించుకొనే మార్గాల్లో అది ఒకటి అయినా, కొత్త ఆకులు వచ్చే వేగం కంటే పాత ఆకులు రాలే వేగం ఎక్కువైన రోజున మొక్క క్షీణించడం మొదలవుతుంది.

ఆకు కణం లోపల హరితరేణువులు అనే పచ్చని గుళికలు ఉంటాయి, వాటిలో థైలకాయిడ్లు అనే పలుచని పొరలు దొంతరలుగా పేర్చి ఉంటాయి, కాంతిని ఒడిసిపట్టే పత్రహరితం ఉండేది ఆ పొరల్లోనే. ఉప్పు మితిమీరినప్పుడు ఈ పొరలు ఉబ్బి, దొంతరల క్రమం చెదిరిపోతుంది. ఎంజైములకు తప్పనిసరి అయిన పొటాషియం స్థానంలోకి సోడియం చొరబడి వాటి పనిని కుంటుపరుస్తుంది. మరొక ప్రమాదం వెలుగు నుంచే వస్తుంది: కార్బన్ డయాక్సైడ్ చాలక పని ఆగిపోయినా ఎండ ఆగదు కాబట్టి, వాడుకోలేని కాంతిశక్తి ఆక్సిజన్ మీదికి మళ్ళి, కణపొరలను కాల్చే చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పత్రహరితం తిరిగి వదిలే మందమైన ఎర్రని వెలుగును కొలిచే పరికరంతో శాస్త్రవేత్తలు ఈ నష్టాన్ని ఆకును తెంపకుండానే పట్టుకుంటారు. చీకటిలో కొంతసేపు ఉంచిన ఆరోగ్యవంతమైన ఆకు ఆ పరికరం మీద దాదాపు 0.83 దగ్గర నిలుస్తుంది, అంతకంటే బాగా తగ్గిందంటే కాంతిని పట్టే యంత్రాంగమే దెబ్బతిన్నదని అర్థం. చాలా పొదల్లో ఈ అంకె చివరిదాకా నిలబడే ఉంటుంది. రంధ్రాల మూసివేత వల్ల ఆహారోత్పత్తి సగానికి పడిపోయినా యంత్రాంగం చెక్కుచెదరకుండా ఉండవచ్చు. ఉప్పును సకాలంలో కడిగివేస్తే పొద తిరిగి కోలుకోవడానికి కారణం అదే.

మొక్కలు ఈ ఒత్తిడికి ఊరికే లొంగిపోవు. తట్టుకొనే జాతులు సోడియంను వేరు దగ్గరే అడ్డుకుంటాయి, లేదా కణం మధ్యలో ఉండే రిక్తిక అనే రసపు సంచిలో బంధిస్తాయి. అప్పుడు కణద్రవ్యం ఆ సంచికి సమానంగా చిక్కగా ఉండాలి కాబట్టి ప్రోలిన్ వంటి హానిలేని పదార్థాలను తయారుచేసుకుంటాయి. బర్కత్‌పురకు కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర విభాగానికి చెందిన పి.బి. కవి కిశోర్, అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు డి.పి.ఎస్. వర్మ బృందంతో కలిసి 1995లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో మైలురాయి: మట్కీ పప్పుధాన్యపు మొక్క నుంచి తీసిన ఒక జన్యువును పొగాకు మొక్కలో పెట్టగా, ఆ పొగాకు మామూలు మొక్కల కంటే 10 నుంచి 18 రెట్లు ఎక్కువ ప్రోలిన్ తయారుచేసింది, ఉప్పునూ దాహాన్నీ మెరుగ్గా తట్టుకుంది. పూలమొక్కల్లో గన్నేరుది పుట్టుకతో వచ్చిన ఇలాంటి ఓర్పు. దాని ఆకుకు బాహ్యచర్మం ఒక వరుస కాదు, రెండు మూడు వరుసలు. పత్రరంధ్రాలు ఆకు అడుగున నూగుతో నిండిన గుంటల్లో దాగి ఉంటాయి, పొడిగాలి వాటిని నేరుగా తాకదు. కాగితపు పూల తీగ కూడా ఉప్పును బాగా ఓర్చుకొనేదే, సముద్రతీరపు ఇళ్ళ ముందు అది అంత ధీమాగా పూయడం అందుకే. గులాబి, నూరువరహాలు ఈ విషయంలో సుకుమారమైనవి, మందారం మధ్యరకం.

హైదరాబాదు నర్సరీల్లో అమ్మే పొదల్లో చాలా భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. అక్కడ అవి పెరిగినది గోదావరి కాలువల నీళ్ళతో, ఆ కాలువల వల్ల నిండే భూగర్భజలంతో. తీయని నీటిలో విప్పారిన పెద్ద లేత ఆకులతో నగరానికి వచ్చి, వచ్చిన మర్నాటి నుంచే గ్రానైటు రాతి బోరు నీళ్ళు తాగుతాయి. కొన్న రెండు మూడు నెలలకే మొక్క దిగాలు పడితే నర్సరీవారు మోసం చేశారనుకొనేవారు ఉన్నారు, ఆ అనుమానం చాలాసార్లు అన్యాయం. కుండీలో మట్టికి బదులు వాడే కొబ్బరిపొట్టు ఇటుకల్లోనూ ఉప్పు ఉండవచ్చు, ఎందుకంటే తీరప్రాంతాల్లో కొబ్బరి పీచును ఉప్పునీటి మడుగుల్లో నానబెట్టే పద్ధతి ఉంది, పొట్టులో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఎక్కువ. ఆ ఇటుకను నీటిలో విప్పిన తరువాత రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి పిండితే తప్ప వాడకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా జనం అపార్థం చేసుకున్నది వాటర్ సాఫ్ట్‌నర్‌ను. బోరు నీటి గరుకుతనానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. సాఫ్ట్‌నర్ లోని రెసిన్ గుళికలు వాటిని పట్టుకొని, బదులుగా సోడియంను నీటిలోకి వదులుతాయి, ఆ గుళికలు నిండిపోయినప్పుడు వాటిని తిరిగి పనికి సిద్ధం చేయడానికే బస్తాల కొద్దీ ఉప్పు పోస్తారు. గరుకుతనం లీటరుకు 400 మిల్లీగ్రాములున్న నీటిని పూర్తిగా మెత్తబరిస్తే ప్రతి లీటరులోకి కొత్తగా సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. టీడీఎస్ మీటరు ఈ మార్పును పసిగట్టలేదు, ఒక లవణం పోయి మరొకటి వచ్చింది కాబట్టి అంకె దాదాపు అంతే ఉంటుంది. దీన్ని పట్టుకొనేది సాగునీటి నిపుణులు వాడే సోడియం నిష్పత్తి: అన్నిటినీ లీటరుకు మిల్లీఈక్వివలెంట్లలో తీసుకొని, నీటిలోని సోడియంను, కాల్షియం మెగ్నీషియంల మొత్తంలో సగానికి వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకె. పై ఉదాహరణలోని నీటిలో మొదట లీటరుకు 69 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకుంటే ఆ నిష్పత్తి 1.5, సాఫ్ట్‌నర్ దాటి గరుకుతనం 10కి దిగిన తరువాత అది సుమారు 34. అమెరికా లవణ పరిశోధనశాల 1954లో వెలువరించిన, నేటికీ ప్రామాణికంగా చెప్పుకొనే వర్గీకరణలో 10 లోపు నిష్పత్తి సురక్షితం, 26 దాటితే అత్యంత ప్రమాదకరం. జుట్టుకు, గీజరుకు మేలు చేసిన ఆ నీళ్ళు మందారానికి పోస్తే జరిగేది రెండు విధాల నష్టం: ఆకులో సోడియం పేరుకుంటుంది, మట్టిలోని సన్నని రేణువులను పట్టి ఉంచే కాల్షియం పోయి మట్టి పొడిపొడిగా విడిపోయి, తడిస్తే బురదగా, ఎండితే పెంకుగా మారి, నీరూ గాలీ వేళ్ళకు దిగకుండా అడ్డుకుంటుంది. తెలుగు రైతులు పాలచౌడు, కారుచౌడు అని విడదీసి చెప్పే వాటిలో ఇది రెండవది, బాగుచేయడం కష్టమైనది.

ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీటి సంగతి వేరు. అందులో కొత్త లవణమేదీ కలవదు, ఉన్న లవణాలే చిక్కబడతాయి. నాలుగు లీటర్లలో ఒకటి తాగడానికి వచ్చి మూడు బయటికి పోయే యంత్రంలో, 600 టీడీఎస్ బోరు నీళ్ళు పోస్తే వదిలేసే నీటిలో దాదాపు 780 ఉంటుంది, 300 ఉన్న నల్లా నీళ్ళు పోస్తే 390 మాత్రమే. రెండవ రకం నీళ్ళను గన్నేరుకు, కాగితపు పూలకే కాదు, మందారానికి కూడా పోయవచ్చు; మొదటి రకాన్ని గులాబికి పోయడం తగదు. నీటిని వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో ఇలాంటి నీళ్ళన్నిటినీ మొక్కలకు మళ్ళించేవారు, యంత్రంలోకి వెళ్ళేది ఏ నీరో ముందు చూసుకోవడం మంచిది.

ఉప్పు గుర్తును ఇతర లోపాల నుంచి విడదీయగలిగితే చికిత్స సగం అయినట్టే. బోరు నీటిలోని బైకార్బొనేట్ మట్టిని క్షారంగా మార్చి ఇనుము అందకుండా చేస్తుంది, అప్పుడు నూరువరహాల లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా పాలిపోతాయి. అది ఉప్పు మాడు కాదు. మాడు ముదురు ఆకులో, అంచున, గోధుమరంగులో వస్తుంది. ఈ రెండిటినీ ఎండదెబ్బగా భావించి అవే నీళ్ళు రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా పోయడం, లేదా బలం చాలలేదనుకొని ఎరువు గుళికలు వేయడం అత్యంత సాధారణంగా జరిగే పొరపాటు. రసాయనిక ఎరువులూ లవణాలే కాబట్టి రెండు పనులూ రోగాన్ని పెంచుతాయి. ఆకుల మీద బోరు నీళ్ళు చల్లడం మరీ చెడ్డది, ఆకు ఉపరితలం నుంచే సోడియం, క్లోరైడ్ నేరుగా లోపలికి పోతాయి.

కడగడమే అసలైన మందు. కుండీ అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో చూసి, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని, నల్లా నీళ్ళు గాని వాననీళ్ళు గాని, నెమ్మదిగా పోసి పూర్తిగా కారిపోనివ్వాలి. కింది పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి, లేకపోతే మట్టి దానితో పాటు ఉప్పునూ తిరిగి పైకి పీలుస్తుంది. వేసవిలో నెలకొకసారి ఈ పని చేస్తే చాలా పొదలు నిలబడతాయి. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, గులాబికి అంతకంటే మంచి వేసవి నీళ్ళు నగరంలో దొరకవు. వానాకాలంలో బాల్కనీ కుండీలను నాలుగు రోజులు మిద్దె మీద వానలో ఉంచినా ఫలితం కనిపిస్తుంది. సోడియం వల్ల పెంకుగట్టిన మట్టిని నీళ్ళు ఒక్కటే బాగుచేయలేవు. జిప్సం కలిపితే అందులోని కాల్షియం సోడియంను తొలగించి కారుచౌడును విడగొడుతుంది, ఆ తరువాత కడగాలి. మరీ చెడిన మట్టిని మార్చివేయడమే మేలు. బోరు నీళ్ళు తప్ప గతిలేని మట్టిపట్టీల్లో గులాబి కోసం పట్టుబట్టకుండా గన్నేరు, కాగితపు పూలు నాటుకోవచ్చు, అయితే గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషపూరితమైనవి కాబట్టి పసిపిల్లలు ఆడుకొనే చోట దాన్ని పెట్టకూడదు.

ఇంకుడు గుంతల అవసరాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం గుర్తించింది. మిద్దె మీద పడిన వాన ఆ గుంతలోకి దిగితే బోరు నీటిలోని లవణాలు పలుచబడతాయి, దాని మేలు మనుషులకూ మొక్కలకూ ఒకటే. అపార్ట్‌మెంట్ సంఘాలు వెంటనే చేయగల పని మరొకటి ఉంది. మొక్కలకు నీళ్ళు పట్టే కుళాయిని చాలా భవనాల్లో సాఫ్ట్‌నర్ దాటిన గొట్టానికి కలుపుతారు. ఆ కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందున్న గొట్టానికి మార్చడం ఒక ప్లంబరుకు పూట పని, ఖర్చు స్వల్పం, సాఫ్ట్‌నర్‌లో పోసే ఉప్పు కూడా ఆదా అవుతుంది. బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సంఘాలు తమ తదుపరి సమావేశంలో ఈ ఒక్క మార్పును ఎజెండాలో చేర్చి, వచ్చే మార్చి లోపు పూర్తిచేయాలి.